వాగ్దాన కార్డు వెనకవైపు

డిసెంబరు 31 రాత్రి నరసాపురం నుంచి రాజోలు దాకా, భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ పేటకెళ్ళినా చర్చిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పన్నెండు కొట్టే వేళకి అందరూ మోకాళ్ళ మీద ఉంటారు. పాతసంవత్సరం తప్పులన్నీ కన్నీళ్ళతో ఒప్పుకుంటారు, కొత్త సంవత్సరానికి తీర్మానాలు చేసుకుంటారు. తర్వాత కేకు, ఆ తర్వాత వాగ్దాన కార్డులు. స్టీలు పళ్ళెంలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకోవాలి. ముందువైపు పువ్వుల బొమ్మ, ఒక వచనం, కింద సంఘం పేరు ఉంటాయి. వెనకవైపు ఖాళీ.

ఆ రాత్రి తాగుడు మానేస్తానన్న మనిషి అబద్ధమాడడం లేదు. నిజంగానే మానాలనుకుంటాడు. కానీ జనవరి 13నో 14నో భోగి. రెండు వారాల వ్యవధి కూడా లేదు. కొబ్బరితోటల్లో టెంట్లు లేస్తాయి, కోడిపందేల బరులు సిద్ధమవుతాయి, హైదరాబాదు నుంచి బావమరుదులు దిగుతారు, సార్వా, అంటే తొలి వరిపంట, మాసూలు డబ్బు ఇంకా చేతిలో ఆడుతూ ఉంటుంది. తాగుడుకీ పందేనికీ ఏడాది మొత్తంలో ఇంతకంటే అనువైన మూడు రోజులు మన గోదావరి జిల్లాల్లో లేవు. పదమూడు రోజుల వయసున్న తీర్మానాన్ని తీసుకెళ్ళి ఆ మూడు రోజుల ఎదుట నిలబెడతాం. కనుమ సాయంత్రానికి అది ఉండదు. ఆ పై ఆదివారం ఆ మనిషి గుడికి రాడు. సిగ్గు. మళ్ళీ ఈస్టరుకో, క్రిస్మసుకో కనబడతాడు.

తీర్మానం చేసుకోవడంలో తప్పేమీ లేదు. కార్డు వెనకవైపు ఖాళీగా వదిలేయడంలోనే ఉంది తప్పు. విశ్వాసంలో మారాలనుకునే మనిషికి ప్రణాళిక కావాలి. అది పడిపోయే రోజును కూడా ముందే లెక్కలో వేసుకున్న ప్రణాళిక అయ్యుండాలి.

దీనికి సంఘాల్లో వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. మార్చేది పరిశుద్ధాత్మ, మన లెక్కలూ పద్దులూ ఎందుకు, అదంతా శరీర సంబంధమైన ప్రయత్నం కదా అంటారు. ఈ మాట అనేవాళ్ళే దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమడి ఎప్పుడు పోయాలో, కాలువలకి నీళ్ళు ఎప్పుడు ఆపుతారో వేళ్ళ మీద చెబుతారు. వాన దేవుడిదే కదా అని కలుపు తియ్యడం మానేసిన రైతు కోనసీమలో నాకైతే కనబడలేదు. పౌలు కొరింథీయులకు రాసిందీ ఇదే సేద్యపు లెక్క: ఒకడు నాటాడు, ఒకడు నీళ్ళు పోశాడు, ఎదుగుదల ఇచ్చింది దేవుడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో 12వ వచనం మీ రక్షణను కొనసాగించుకోండి అంటుంది, 13వ వచనం మీలో పనిచేసేది దేవుడే అంటుంది. మనవాళ్ళు రెండోది కంఠతా పట్టి మొదటిది వదిలేస్తారు. యేసుప్రభువు అయితే ఇంకా సూటిగా అడిగాడు: గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా? లూకా 14లో ఉంది. దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పాలకొల్లు రోడ్డు మీద బస్సులో వెళ్తూ చూడండి. పిల్లర్ల దగ్గర ఆగిపోయి, చువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి చూస్తున్న ఇళ్ళు ఎన్ని కనబడతాయో.

అందుకని కార్డు వెనక్కి తిప్పుదాం. ఏం రాయాలి?

మొట్టమొదట, ఒకే ఒక్క పని పేరు రాయాలి. పది కాదు. "మంచి విశ్వాసిగా ఉంటాను" అన్నది ప్రార్థనలో బావుంటుంది గానీ కార్డు మీద పనికిరాదు, ఎందుకంటే సాయంత్రం పడుకునే ముందు అది జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. "కోపం తగ్గించుకుంటాను" కూడా అంతే. "పనినుంచి వచ్చాక మొదటి అరగంట పిల్లల మీద గొంతు ఎత్తను" అంటే, అది జరిగిందీ లేనిదీ పిల్లలే చెబుతారు. అవును, కాదు అని జవాబు వచ్చేలా ఉండాలి. మిగతా తొమ్మిది పాపాల సంగతేంటి అని కంగారు పడకండి. అవి ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాదికి ఉంటాయి. పైగా ఒకటి లాగితే వెనక ఇంకో రెండు కదులుతాయి. తాగుడు ఆగితే అబద్ధాలు సగం తగ్గుతాయి, దాచాల్సింది ఉండదు గనక.

రెండోది, వరద మట్టాలు. ఇక్కడ కాస్త ఆగాలి, మనవాళ్ళకి ఇది బాగా తెలిసిన విద్య.

గోదావరి నీటిమట్టం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళు మూడో హెచ్చరిక దాకా ఆగరు. అసలు ధవళేశ్వరం అంకె కోసం కూడా ఆగరు, ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వినగానే గేదెల్ని గట్టు మీదకి తోలేస్తారు. పైన పెరిగిన నీరు కిందకి వచ్చేలోపు చేసుకోవాల్సిన పనులుంటాయి. ఇంట్లోకి నీళ్ళు వచ్చాక "ప్రభువా కాపాడు" అనడం తప్పు కాదు, కానీ బియ్యం బస్తా అటక మీద పెట్టుకోవాల్సింది నిన్న.

పాపానికీ భద్రాచలం ఉంటుంది. క్వార్టరు సీసా మూత తీసే క్షణం మూడో హెచ్చరిక. అప్పుడు యుద్ధం చెయ్యడం చాలా కష్టం, ఎంత ప్రార్థనాపరుడికైనా. వెనక్కి నడవండి. సీసాకి ముందు బెల్టు షాపున్న సందు. సందుకి ముందు ఫలానా స్నేహితుడి ఫోను. ఫోనుకి ముందు సాయంత్రం ఐదున్నరకి చేతికొచ్చిన కూలి డబ్బు. దానికీ ముందు పొద్దున ఇంట్లో జరిగిన మాటా మాటా, మధ్యాహ్నం తినకుండా ఉన్న కడుపు, నడుం నొప్పి. ఆ ఐదున్నరే మీ భద్రాచలం. చెయ్యాల్సిన పని అక్కడే రాసుకోవాలి: కూలి డబ్బు భార్య ఫోనుకే వేయించడం, షాపు లేని గట్టు మీదుగా ఇంటికి రావడం, పని దిగగానే ఏదో ఒకటి తినడం. ఇదంతా ఆత్మీయంగా కనబడదు, నిజమే. గేదెల్ని తోలడం కూడా ఆత్మీయంగా కనబడదు.

మూడు మట్టాలకీ మూడు పనులు ముందే రాసుకోవాలి. మొదటి హెచ్చరికలో, మనసు అటు లాగుతోంది అనిపించినప్పుడు, ఉన్న చోటునుంచి లేచి ఇంకో చోటుకి వెళ్ళడం. రెండోదానికి ఒక మనిషికి ఫోను. మూడోదానికి, అంటే కాళ్ళు అటు నడుస్తున్నప్పుడు, నోరు తెరిచి గట్టిగా ఎవరి పేరైనా పిలవడం, నలుగురిలోకి పోవడం. ఒంటరిగా గెలవాలనుకునే మట్టం కాదది.

ఇక తాగుడు గురించే విడిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ప్రాణాలతో పని కాబట్టి వివరంగా చెప్పాలి.

ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు, పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగానీ ఆ వణుకు ఆగనివాడు, ఒక్కసారిగా మానకూడదు. ఉజ్జీవ సభల్లో శుక్రవారం రాత్రి ముందుకొచ్చి మోకరిస్తాడు. ఇంటికెళ్ళి సీసా కాలవలో పారేస్తాడు. శనివారానికి వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మానిన ఆరు గంటలనుంచి ఒక రోజులోపు వచ్చే లక్షణాలివి. రెండు రోజుల్లోపు కొందరికి మూర్ఛ వస్తుంది. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, చచ్చిపోయిన వాళ్ళతో మాట్లాడతాడు, మంచం మీదనుంచి లేచి పరిగెడతాడు. ఇంట్లోవాళ్ళు "దయ్యం పట్టింది, సాతాను వదలడం లేదు" అని పాస్టరుగారిని పిలుస్తారు. ఆయన నలుగురిని పెట్టి గదిలో ప్రార్థన చేస్తాడు. కొన్నిచోట్ల మూడు రోజుల ఉపవాసం కూడా పెడతారు. అది దయ్యం కాదు. మద్యానికి అలవాటుపడ్డ మెదడు మద్యం ఒక్కసారిగా ఆగేసరికి పట్టు తప్పడం. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే ఇలాంటి మనిషి విషయంలో తీర్మానం తర్వాత మొదటి మెట్టు ఉపవాస ప్రార్థన కాదు, ఆసుపత్రి. డాక్టరు మందులిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి, ఓ వారం పర్యవేక్షణలో పెడతారు. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోను చెయ్యొచ్చు, మత్తు అలవాట్లు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు. మానసిక సమస్యలకి టెలీ మానస్ 14416 ఉంది. ప్రార్థన చెయ్యండి, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెయ్యండి. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, ముఖ్యంగా అతన్ని ఉంచొద్దు.

నా ఉద్దేశంలో ప్రతి సభల పందిరిలోనూ, కానుకల బుట్ట ఎంత అవసరమో, ముందుకొచ్చిన వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి "రోజుకి ఎంత తాగుతావు, పొద్దున చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిందా" అని అడిగే ఒక నర్సు అంత అవసరం. మన సంఘాల్లో నర్సులకి లోటేమీ లేదు.

మానడం సగం పని. మత్తయి 12లో ఊడ్చి, అలంకరించి, ఖాళీగా ఉంచిన ఇంటి సంగతి ఉంది. వెళ్ళిపోయిన అపవిత్రాత్మ తనకంటే చెడ్డ ఏడింటిని వెంటబెట్టుకుని వస్తుంది. ఇల్లు మురికిగా ఉందని రాలేదు, ఖాళీగా ఉందని వచ్చింది. సాయంత్రం ఆరునుంచి ఎనిమిదిన్నర దాకా రోజూ సందు చివర గడిపిన మనిషికి ఆ రెండున్నర గంటలు ఇప్పుడు ఏంటి? "ఇంట్లో కూర్చో" అంటే మూడో రోజుకి గోడలు మీద పడతాయి. వారానికి ఏడు సాయంత్రాలుంటాయి, ఏడింటికీ పని రాయాలి. గృహ కూడికలు మహా అయితే రెండు. మిగతా ఐదూ? పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం, డోలక్ నేర్చుకోవడం, పెద్దాయన ఎవరికైనా రాత్రి భోజనం పట్టుకెళ్ళడం, వాలీబాల్. వాలీబాల్ అంటే నవ్వొద్దు. చర్చి ఆవరణలో నెట్టు కట్టి, ఆరింటికి లైటు వేస్తే, నెలకి అయ్యే కరెంటు ఖర్చుకి ఏ కన్వెన్షనూ చెయ్యలేని పని అది చేస్తుంది.

బైబిలు చదవడం దగ్గర మన లెక్కలు మరీ అన్యాయం. జనవరి 1న అందరూ ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తామని మొదలుపెడతారు. 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు పైచిలుకు పడతాయి. ఆదికాండం 50, నిర్గమకాండం 40, రెండూ కలిసి 90. అంటే జనవరి నెలాఖరుకి లేవీయకాండం గుమ్మంలో ఉంటాం. బలుల విధులు, కుష్ఠు పొడల పరీక్షలు. అక్కడే బండి దిగబడుతుంది, ఏటా అక్కడే. ఒక్క రోజు తప్పితే మర్నాటికి ఆరు అధ్యాయాలు, మూడు రోజులు తప్పితే డజను దాకా పేరుకుంటాయి. అప్పుచేసినవాడు అప్పిచ్చినవాడికి ఎదురుపడనట్టు, ఆ పుస్తకం ఎదురుపడకుండా తిరుగుతాం.

కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు చొప్పున 52 వారాలు వేస్తే సరిగ్గా 260. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకి ఒక్క అధ్యాయం, శనివారం తప్పిపోయినవి చదువుకోవడానికి, ఆదివారం గుడిలో వినడానికి. పది పన్నెండు నిమిషాల పని. తప్పిపోయే రోజుకి లెక్కలో ముందే చోటుంది, అదే దీని బలం. కాగితం బైబిలే వాడండి. ఫోనులో తెరిస్తే మార్కు సువార్త మొదటి అధ్యాయం పూర్తయ్యేలోపు పైనుంచి రెండు మెసేజీలు జారతాయి, తర్వాత రీల్స్, తర్వాత ఏడున్నర.

ఎప్పుడు చదవాలన్నదానికి "తెల్లవారుజామున నాలుగింటికి" అన్న ఒకే జవాబు ప్రసంగాల్లో వినబడుతుంది. ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే కుర్రాడికి ఆ నాలుగు గంటలే అసలు డ్యూటీ. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ అదే, ఏరియేటర్ ఆగిందంటే సరుకంతా తేలిపోతుంది. అతని ప్రాతఃకాల ప్రార్థన పొద్దున తొమ్మిదింటికి, మేత వేసి వచ్చి మంచం ఎక్కే ముందు. అందులో లోపం ఏమీ లేదు. గంట ప్రార్థనతో మొదలుపెట్టొద్దు. పది నిమిషాలు, ఒకే చోటు, ఒకే పని తర్వాత: టీ గ్లాసు కడిగి బోర్లించాక, అంతే. రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెడితే గుర్తు పెట్టుకోవాల్సిన బరువుండదు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది, ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనలకి దాన్ని తెచ్చి కలిపేశారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. దానియేలు 10వ అధ్యాయంలోని మూడు వారాలు దుఃఖంలో చేసిన ఉపవాసం. అతని అలవాటు 6వ అధ్యాయంలో ఉంది: మేడగది, యెరూషలేము వైపు తెరిచిన కిటికీలు, రోజుకి మూడుసార్లు, ఎప్పటిలాగే. చోటు, దిక్కు, వేళ మూడూ స్థిరం. ప్రార్థన చేస్తే ప్రాణం తీస్తామనే శాసనం వచ్చిన రోజు కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు, అలవాటు ప్రకారం మేడెక్కాడు. అలవాటు కుదరడానికి ఎన్నాళ్ళు పడుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద చూశారు. సగటున 66 రోజులు వచ్చింది. తొందరగా కుదిరినవాళ్ళకి 18, ఆలస్యమైనవాళ్ళకి 254 దాకా లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. అవి మంచినీళ్ళు తాగడం, నడక లాంటి చిన్న పనులు. పాతికేళ్ళ తాగుడుకీ, పుట్టుకతో వచ్చిన నోటిదురుసుకీ ఇంకా ఎక్కువే అనుకోండి. ఒక సార్వా, ఒక దాళ్వా చూడాలి.

మూడో విషయం మనిషి. యాకోబు 5:16 మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అంటుంది. ఒకరితో ఒకరు, మైకులో కాదు. ఆ ఒకరు ఎవరన్న దగ్గర చాలా ప్రణాళికలు పాడవుతాయి. భార్యని పెట్టొద్దు. ఆమె ఇంట్లో పోలీసవుతుంది, రోజూ నోరు వాసన చూసే ఉద్యోగం ఆమెకిచ్చి మారానంటే ఆ మార్పు ఆమెకి శిక్ష. పాస్టరుగారిని పెట్టడం కూడా అంత మంచిది కాదు, ఆయన దగ్గర మంచివాళ్ళలా కనబడాలన్న ఆశ మనకి ఎక్కువ. అప్పిచ్చినవాడు వద్దు. మాట దాచలేనివాడు అసలే వద్దు, పేటలో సంగతి సాయంత్రానికి రేవు దాటుతుంది. మగవాడికి మగవాడు, ఆడమనిషికి ఆడమనిషి, వీలైతే పది పదిహేనేళ్ళు పెద్ద, తనూ ఏదో ఒకదానితో పోరాడి బయటపడ్డవాళ్ళు. వారానికి ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఆరాధనయ్యాక పెట్టుకోకండి, అప్పుడు అందరి బుర్రా ఇంట్లో పొయ్యి మీదున్న మాంసం దగ్గరుంటుంది. మంగళవారమో గురువారమో, టీ కొట్టు కాకుండా గట్టు మీద నడుస్తూ. నాలుగు ప్రశ్నలు: ఈ వారం పడ్డావా? మట్టం ఎక్కడిదాకా వచ్చింది? నాకు చెప్పకుండా ఏమన్నా దాచావా? వచ్చే వారంలో ప్రమాదమైన రోజు ఏది? ప్రార్థన చేసుకుని ఎవరి దారిన వాళ్ళు. మూడో ప్రశ్న లేకపోతే మొదటి మూడు వారాల తర్వాత ఈ కలయిక ఉత్త పలకరింపైపోతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ వాళ్ళు 1742లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చడానికి సభ్యులందరూ వారానికి ఒక పెన్నీ వెయ్యాలనుకున్నారు. పన్నెండేసి మందికి ఒకర్ని వసూలుకి పెట్టారు. ఆ వసూలు మనిషి వారం వారం ఇళ్ళకి వెళ్తే లోపల తాగుడు, మొగుడూపెళ్ళాల తగువులు కళ్ళబడ్డాయి. వసూలు కాస్తా విచారణ అయ్యింది, అదే తర్వాత మెథడిస్టుల వారపు కూడిక అయ్యి ఊరూరా పాకింది. మన సంఘాల్లో వసూళ్ళ జాబితాలు ఎక్కడా తప్పవు. ఆ జాబితాతో ఇంటికి వెళ్ళిన మనిషి రసీదు రాసి లేచిపోకుండా ఇంకో పది నిమిషాలు కూర్చుంటే చాలు.

డబ్బు సంగతి చెప్పకుండా మారుమనస్సు గురించి మాట్లాడడం మన దగ్గర అలవాటైపోయింది. బైబిల్లో సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంట్లో రక్షణ వచ్చిందని ప్రభువు అనడానికి ముందు జక్కయ్య నోట అంకెలొచ్చాయి: ఆస్తిలో సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. మనకి అంత పెద్ద మాట అక్కర్లేదు, అప్పుల జాబితా చాలు. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, నోటు రాసిన తేదీ. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేల మీద నెలకి వెయ్యి వడ్డీకే పోతుంది. నెలకి 3,000 కడితే 21 నెలల్లో తీరిపోతుంది. 1,500 కడితే నాలుగున్నరేళ్ళు దాటుతుంది. రోజుకి ఒక క్వార్టరు, నూట యాభై అనుకున్నా, నెలకి 4,500. ఆ మూడు వేలు ఎక్కడనుంచి వస్తాయో వేరే చెప్పాలా? రెండు జాగ్రత్తలు: అసలు కొంచెం కొంచెంగా జమ చేసుకుంటాడో లేదో ముందే అడగాలి, చాలామంది వడ్డీ మాత్రం నెలనెలా తీసుకుని అసలు మొత్తం ఒకేసారి కావాలంటారు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించుకోవాలి. దేవుడి మనిషి కదా అని నోటిమాట మీద వదిలేస్తే రెండేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోలేరు. ఇంట్లో తెలియని అప్పు ఒక్కటైనా ఉందంటే అది మొదట బయటపెట్టాలి. దాచిన అప్పు ఉన్న ఇంట్లో ఇంకే మార్పూ నిలవదు, వారానికోసారి అబద్ధం ఆడించేది అదే.

ఇంకో మాట, తాగి కొట్టే భర్త ఉన్న ఇళ్ళ గురించి. అతని మార్పు ప్రణాళికలో ఆమె ఓర్పుని ఒక మెట్టుగా రాసేసే సంఘపెద్దలు ఉన్నారు. "ప్రార్థనలో కనిపెట్టమ్మా, నీ ప్రవర్తన చూసి మారతాడు." క్షమించడం వేరు, దెబ్బలు తింటూ ఆ గదిలో ఉండడం వేరు. అతను మారే ఏడాది పాటు ఆమె పుట్టింట్లో ఉండొచ్చు, మహిళల సహాయ నంబరు 181కి ఫోను చెయ్యొచ్చు, కేసు పెట్టొచ్చు. అవేవీ విశ్వాసలోపాలు కావు. నిజంగా మారుతున్న మగవాడికి ఇది అడ్డమూ కాదు. కాళ్ళావేళ్ళా పడి ముందు ఆమెని రప్పించమనేవాడు మారడం ఇంకా మొదలుపెట్టలేదు.

సాక్ష్యాల సంగతి క్లుప్తంగా. మానేసి వారం కాని మనిషి చేతికి మైకు ఇవ్వకండి. కొత్తగా చేరినవాడిని అధ్యక్షుడిగా పెట్టొద్దనీ, గర్వంతో పడిపోతాడనీ తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం ముందే చెప్పింది. సాక్ష్యం చెప్పినవాడు పడితే రెండు నష్టాలు. అతను పడిన సంగతి దాచుకోవాల్సి వస్తుంది, దాచుకున్నవాడు సాయం అడగలేడు. పైగా ఊళ్ళో మిగతా పదిమంది "మారడం ఉత్తదే" అని తేల్చేస్తారు.

పడితే ఏం చెయ్యాలో కూడా కార్డు మీదే రాసుండాలి, పడక ముందే. సామెతలు 24:16లో నీతిమంతుడు ఏడుసార్లు పడి లేస్తాడు. పడనివాడని లేదక్కడ. మనుషుల్ని ముంచేది మొదటి గ్లాసు కాదు, దాని తర్వాత వచ్చే ఆలోచన: ఎలాగూ పోయింది, ఈ పండక్కి కానిచ్చేద్దాం, మళ్ళీ జనవరి ఒకటి. కాలవకి గండి పడితే ఎవరూ కాలవ మొత్తం వదిలెయ్యరు, రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు వేస్తారు, తెల్లారాక గట్టు అక్కడే ఎందుకు తెగిందో చూస్తారు. ఇరవై నాలుగు గంటల్లో మూడు పనులు: ఆ మనిషికి ఫోను చెయ్యడం, మిగిలింది పారబోయడం, మర్నాడు ఉదయం ఆ పది నిమిషాల చోటుకే మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఏ మట్టంలో హెచ్చరిక తప్పిపోయిందో రాసుకోవాలి. ఆ ఆదివారం గుడికి వెళ్ళాలి, వెనక బెంచీలోనైనా. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారపు ఆదివారం బల్ల దగ్గరికి రావాలా మానాలా అన్నది ఒక్కో సంఘంలో ఒక్కోలా ఉంటుంది, పాస్టరుగారినో పెద్దలనో అడగండి. ఇంట్లో కూర్చుని సొంతంగా తీర్పు చెప్పుకోకండి. మన సంఘాలు పడ్డవాళ్ళని నెలల తరబడి వెలివేసినట్టు చూడడమే సగం మందిని తిరిగి సందు చివరికి తోలుతోంది. ఈ మాట కొంతమంది పెద్దలకి రుచించదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జనవరి 1న మాత్రం కాదు. సంక్రాంతి అయ్యాక, బంధువులు తిరుగుబండి ఎక్కాక. ఈస్టరు ముందు నలభై రోజులు పాటించే సంఘాలవాళ్ళకి ఆ రోజులు మొదలయ్యే భస్మ బుధవారం మంచి రోజు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలూ కలిపితే 46 రోజులు, ఒంట్లో కొత్త అలవాటు సగం పైగా దిగుతుంది. చేతిలో డబ్బు కూడా తక్కువ, దాళ్వా ఇంకా పొలంలోనే ఉంటుంది. శ్రమల కాలం పాటించని సంఘాలవాళ్ళు కూడా ఫిబ్రవరిలో ఏదో ఒక సోమవారం చూసుకోవచ్చు. ఏప్రిల్లో మాసూళ్ళయ్యి డబ్బు చేతికొచ్చేసరికి మొదటి పరీక్ష, అదే వేళకి ఐపీఎల్ పందేలు రెండోది. జూన్లో కాలువలకి నీళ్ళు వదిలే వారం కార్డు తీసి ఒకసారి చదువుకోండి. రాసినవాటిలో పనిచెయ్యనిది కొట్టేసి, పనిచేస్తున్నదాని కింద గీత గీయండి. పెన్నుతోనే రాయండి, కొట్టివేతలు కనబడనివ్వండి.

అడుగున ఒక లైను ఖాళీ ఉంచండి. అందులో వచ్చే భోగి, సంక్రాంతి, కనుమ మూడు రాత్రులూ ఎవరింట్లో ఉంటారో, పర్సు ఎవరి దగ్గర ఉంటుందో, బరి వైపు రమ్మని బావమరిది బండి తెచ్చి గుమ్మంలో హారను కొడితే అతనికి చెప్పబోయే మాట ఏమిటో ఇప్పుడే రాసుకోండి. మాట చిన్నదిగా ఉండాలి. "రాను బావా, టిఫిన్ చేసి వెళ్ళు" సరిపోతుంది.